చేతి తొడుగు తీసే కాలం

ఫారో దీవుల్లో గాలికి సెలవు రోజు లేదు.
క్లాక్స్‌విక్ రేవు మీది గదిలో
కిటికీ సందున పాత స్వెటరు కుక్కి
రన్‌వా తెర మీది గీతను చూస్తోంది.
నిన్న సాయంత్రం దాకా పద్దెనిమిది మిల్లీసెకన్లు,
పోయి రావడానికి.
ఇవాళ అరవై ఒకటి.

కొండ చాటు సముద్రంలో సాల్మన్ చేపల వలపంజరాలు,
వాటి నడుమ లంగరు దించిన మేత పడవ.
గట్టు నుంచి పడవకి రోజంతా ప్యాకెట్లు:
ఏ పంజరానికి ఎంత మేత, రేపటి అల ఎంత ఎత్తు,
మర బుర్రకెక్కాల్సిన కొత్త పాఠాలు.
రెండు అందితే ఒకసారి
‘అందింది’ అనేది పడవ.
డిసెంబరు. పగలు ఐదు గంటలకే చాప చుట్టేస్తుంది.
పడవ బ్యాటరీ బక్కచిక్కింది.
ఇరవైకి ఒకసారి అంటే చాల్లే అని
నిన్న తనే సర్ది ఇంటికెళ్ళింది.

‘దారి పాడైంది,’ అన్నాడు హానుస్,
‘రేపు స్తంభమెక్కి యాంటెన్నా చూడాలి.’
పంపే యంత్రమూ అదే అనుకుంది.
దూరం పెరిగిందని జంకి
అడుగులో అడుగు వేస్తోంది.
నిజంగా నీళ్ళపాలైన ప్యాకెట్ కోసం కూడా
ఇంకాస్త చూద్దాం, ఇంకాస్త,
అని గుమ్మంలోనే నిలబడుతోంది.

కొండ జరగలేదు.
రేడియో తరంగానికి మోకాళ్ళ నొప్పులు రావు.

మధ్యాహ్నం వాకీటాకీలో
పడవ కాపలా సోఫుస్‌ని పిలిచింది.
గురగుర.
ఇంకా గురగుర.
‘ఆఁ, చెప్పు పిల్లా.’
‘ఎందుకింత ఆలస్యం?’
‘ఆలస్యమేముంది? నువ్వన్న మరుక్షణమే వింటాను.
బొత్తాం నొక్కాలంటే తొడుగు తీయాలి.
తడిసిన తొడుగు వేళ్ళని వదలదు.
దాన్ని తీసుకెళ్ళి దూరంలో కలపకు.’

రన్‌వా కాఫీ కప్పు కింద పెట్టింది.

ఆ రాత్రి పడవ చెప్పే బదులులో
చిన్న గడి ఒకటి తెరిచింది.
ఇకమీదట ‘అందింది’ అని ఊరుకోకు,
చివరగా వచ్చినదాన్ని ఒళ్ళో పెట్టుకుని
ఎంతసేపు కూర్చున్నావో అదీ రాయి.
తీసివేత నేను చూసుకుంటాను.
అరవై ఒకటిలో నలభై మూడు పోతే
పద్దెనిమిది.

అన్నీ ఇంత సులువుగా తెగలేదు.
తెల్లవారుజామున ఒక బదులు:
‘యాభై సేపు పట్టుకున్నాను.’
పోయి వచ్చిన మొత్తమే నలభై తొమ్మిది!
అంటే కబురు
పుట్టకముందే ఊరు చేరిందన్నమాట.
పడవ అబద్ధమాడలేదు,
దాని గడియారానికి చిల్లర తెలియదు, అంతే.
కళ్ళారా చూసిన కనిష్ఠం కిందికి
ఏ తీసివేతా దిగరాదని గీత గీసింది.
ఆపైన నిమిషానికోసారి
ఒక ప్యాకెట్ నుదుట గుర్తు పెట్టింది:
దీనికి మాత్రం తొడుగు తీసి ఉంచుకో,
తగలగానే పలుకు.

హానుస్ స్తంభమెక్కలేదు.
ఎక్కుంటే మంచు తుడిచి దిగేవాడు,
గీత మటుకు అక్కడే ఉండేది.

జనవరిలో ఒక రాత్రి
పిలిస్తే సోఫుస్ పలకలేదు.
గురగుర.
తొడుగుకని నాలుగు సెకన్లు తీసేసింది.
మెట్లకి పది.
పొయ్యి ఆర్పడానికి ఇంకో పది.
తీసేకొద్దీ మిగులుతూనే ఉంది,
ఏ గడిలోనూ పట్టని కాలం.
పడవ నుంచి ప్యాకెట్లకి బదులు వస్తూనే ఉంది,
పద్దెనిమిది, పద్దెనిమిది.
మనిషి మాత్రం రాడు.
ఆమె చెయ్యి కోటు మీదికి పోయింది.

‘...ఆఁ, పిల్లా.’
గుసగుసగా.
‘మొదటిసారే విన్నాను.
పంజరం అంచున సీలు ఒకటి నిద్రపోతోంది.
నోరు తెరిస్తే లేచిపోతుందని.’

రన్‌వా లాగ్ పుస్తకం తెరిచి
ఆగిన కాలం ఎదుట ‘సీలు’ అని రాసింది.
దాని పక్కన:
దారి మామూలే.