కామా తర్వాత

బతూమీ రేవులో వాన ఆగాక మొదలుపెడదామనుకుంటే
ఈ ఊళ్లో ఎవరికీ ఎన్నటికీ ఇంగ్లీషు రాదు.
అందుకే తడి కోట్లు కుర్చీల వీపున కారుతుండగానే
బోర్డు మీద మొదటి వాక్యం రాస్తాను:
అలారం మోగితే, అందరూ డెక్కు మీదికి రావాలి.

ఇది తేలిక. నిప్పు తగిలితే కాలుతుంది,
తాడు తెగితే పడవ కదులుతుంది.
ఇక్కడి 'ఇఫ్' తాళం లేని తలుపు.
ఏడుగురూ తలలూపారు.
సముద్రం వర్తమానకాలంలోనే మాట్లాడుతుందని
వాళ్లకి నాకంటే ముందే తెలుసు.

తర్వాత 'విల్'.
పరీక్ష పాసైతే కాంట్రాక్టు వస్తుంది.
వస్తే వంటింటి పైకప్పు మారుస్తానని వాజా,
వస్తే ఆమె ఒప్పుకుంటుందని తోర్నికే.
ఆమె ఎవరని మేం అడగలేదు.
అడిగితే చెబుతాడు, అదీ ఈ పాఠమే.

మూడో మెట్టు దగ్గర గది కొంచెం ఒరుగుతుంది.
లేనిదాని గురించి చెప్పేటప్పుడు ఇంగ్లీషువాళ్లు
క్రియకి భూతకాలపు చొక్కా తొడుగుతారు.
ఎందుకని అడక్కండి,
ముప్పై ఏళ్ల కిందట నేనూ అడిగి తిట్లు తిన్నాను.
నేనే కెప్టెన్‌నైతే, అని మొదలుపెట్టానో లేదో
మల్ఖాజ్ లేచాడు:
అత్తకు మీసాలుంటే మామయ్యేది!
'వుడ్' ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టాడు వెధవ.
పదికి పది వేశాను.
వంటవాడి నోటికి ఏ వ్యాకరణం అడ్డు?

ఇక మిగిలింది 'హ్యాడ్'.
మా జార్జియన్‌లో వీలున్నదానికి 'తు' అంటాం,
వీలు దాటిపోయినదానికి 'రోమ్'.
వీళ్లకి రెంటికీ ఒకటే 'ఇఫ్'.
క్రియ ఎన్ని అడుగులు వెనక్కి వేసిందో చూసి
ఎంత ఆలస్యమైందో మనమే తెలుసుకోవాలి.

అన్జోర్ కాగితం ప్రతివారం ఒకేలా వస్తుంది.
యాభై నాలుగేళ్ల బోసన్,
పెన్నుని కూడా తాడులాగే పట్టుకుంటాడు.
నేను తాడు రెండోసారి చూస్తే, గోచా బతుకుతాడు.
'విల్' కింద ఎర్రగీత గీస్తాను.
చూసి ఉంటే, బతికి ఉండేవాడు, అని దిద్ది ఇస్తాను.
పై వారం మళ్లీ: చూస్తే, బతుకుతాడు.
అర్థం కాక కాదు.
తప్పిపోయిన బస్సుకీ, కొనకుండా వచ్చిన చేపలకీ
'హ్యాడ్'లన్నీ సరిగ్గా బిగించాడు,
ఒక్క ముడీ జారలేదు.

నిన్న క్లాసయ్యాక వెళ్లలేదు.
కోటు వేసుకుని, గుండీలు పెట్టకుండా నిలబడ్డాడు.
నతేలా టీచరూ, మీ వాక్యం నాకు వచ్చు.
కానీ అది రాస్తే రెండు చివరలూ అక్కడే ఉండిపోతాయి,
ఆ రాత్రే, ఆ డెక్కు మీదే.
ఒక చివర అక్కడా, ఒక చివర ఇక్కడా ఉండేది కావాలి.
అలాంటిది ఉందా మీ పుస్తకంలో?

ఉంది.
పరీక్షలో అడగరు.
పుస్తకం చివర, సన్న అక్షరాల్లో,
మిశ్రమం అని పేరు పెట్టి వదిలేశారు.
సుద్దముక్క తీసుకున్నాను.
తాడు చూసి ఉంటే, అని రాశాను, అది ఆ రాత్రి.
'ఇఫ్' ముందొస్తే తప్పనిసరి గనక కామా పెట్టాను.
ఆ తర్వాత 'హ్యావ్' తోడు లేని ఒంటరి 'వుడ్'.
వేళ్ల మీద లెక్కకట్టి పూర్తిచేశాను:
ఇవాళ వాడికి ఇరవై ఆరేళ్లుండేవి.

అన్జోర్ చాలాసేపు ఆ కామా వైపే చూశాడు,
ఎనిమిదేళ్లు అంత చిన్న తోకలో ఎలా పట్టాయా అన్నట్టు.
తర్వాత సుద్ద అందుకుని
ఇరవై ఆరు కొట్టేసి
ఇరవై ఏడు రాశాడు.
సోమవారం పుట్టినరోజు, అన్నాడు.
గుండీలు పెట్టుకుని వానలోకి వెళ్లాడు.

బోర్డు తుడవకుండా దీపం ఆర్పేశాను.
పొద్దున్నే లెక్కల టీచరు వస్తుంది, తుడిచేస్తుంది.
ఆవిడ తుడవకపోతే,
నేనూ తుడవను.