రాత్రి టారిఫ్

ఆ వాక్యం రాసింది నేనే.
'రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా
గుడారాల వాడల్లో యూనిట్ ధర సున్నా.'
మంత్రిగారి సంతకం కింద నా పేరుండదు.
ఆ సున్నా మాత్రం నాది.

ఉలాన్‌బాతర్‌లో డిసెంబరు.
ఊపిరి కనుబొమ్మల మీద గడ్డకట్టే చలి.
ఉత్తరపు కొండవాలున, పదకొండో వీధిలో
దులమ్‌సురెన్ గుడారంలోకి వంగి దూరాను.
ఎడమ పక్కన కూర్చోబెట్టి
ఉప్పేసిన పాల టీ పోసింది.
నడిమధ్య ఇనప పొయ్యి చల్లగా ఉంది,
దానిమీద మనవడి లెక్కల పుస్తకం.
గోడవార సర్కారు హీటరు
కొత్తల్లుడిలా బిగుసుకుని ఉంది.

"బొగ్గు మానేశావా అమ్మమ్మా?"

"మీరు తొమ్మిదింటికి ఇస్తారు.
చలి నాలుగింటికే వచ్చేస్తుంది.
నడుమ ఆ ఐదు గంటలు
ఎవరి ఖాతాలో రాసుకోను నాయనా?"

నా సంచిలో కాలిక్యులేటర్ ఉంది.
బయటికి తీయలేదు.

పోయిన జనవరి సంగతి చెప్పింది.
మైనస్ ముప్పయ్యారు. తొమ్మిది కొట్టగానే
కొండంతా ఒక్కసారే స్విచ్చి వేసింది.
వంద ఇళ్ళకని బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ మీద
మూడొందల హీటర్లు.
ఒక నీలి మెరుపు, ఆ పైన కుక్కల అరుపులు.
పొరుగున గన్‌ఖుయాగ్
తన కంచె పలకలే పీకి పొయ్యిలో పెట్టాడట.

"కరెంటు ఉచితమే,
తీగే సన్నం," అంది.
ఈ ముక్క చెప్పడానికి మా శాఖకు
తొంభై పేజీలు పట్టింది.

చలి ముదిరిన సాయంత్రాలు
మా వెలుతురులో కొంత సరిహద్దు దాటి వస్తుంది.
'ఇంకొంచెం కావాలి' అన్న మాటను
ఎంత మెత్తగా పలకాలో తెలిసిన ఇంజనీరు
కంట్రోల్ రూములో ఒకాయన ఉన్నాడు.
ఫోను పెట్టేశాక కాసేపు మాట్లాడడు.
దక్షిణాన గోబీలో గాలి
ఎవరినీ అడక్కుండా వీస్తుంది.
ఊరు నిద్రపోయాక మరీ వీస్తుంది.
దాన్ని మర్నాడు నాలుగింటిదాకా
దాచిపెట్టే గాదె ఇంకా కాగితం మీదే ఉంది.

ఇంధన భద్రత అంటాం సమావేశాల్లో,
గొంతు సవరించుకుని.
అర్ధరాత్రి నిప్పు కోసం
పక్కింటి తలుపు తట్టనక్కర్లేకపోవడం అంటుంది
దులమ్‌సురెన్, టీ వంపుతూ.

పొయ్యి ఎప్పుడు తీసేస్తావని అడగలేదు.
అడిగే హక్కు ఇంకా సంపాదించలేదు.

ఆఫీసుకొచ్చి కొత్త ముసాయిదా తెరిచాను.
ధర ఊసు ఎత్తకుండా
'ముందు తీగ లావుపాటిది' అని రాశాను,
భాష బాగోలేదని తెలిసే.
దాని కింద: 'సాయంత్రం నాలుగు నుంచి.'

పై అధికారి ఎర్ర సిరాతో అడిగారు:
నాలుగే ఎందుకు?

మార్జిన్‌లో చోటు చాలలేదు.
వచ్చేటప్పుడు ఆమె నా జేబులో వేసిన
ఎండు పెరుగు ముక్క
దవడన పెట్టుకుని ఉన్నాను,
రాయిలా ఉంది,
ఇంకా కరగలేదు.