ఊగు

లిఫ్టు పాడై మూడు రోజులైంది.
మొదటి రోజు మెట్లు నూట తొంభై వచ్చాయి,
రెండో రోజు నూట ఎనభై నాలుగు,
ఇవాళ నూట ఎనభై ఆరు.
ఇనప మెట్లు పెరగవు, తరగవు.
తప్పుతోంది నా ఊపిరే.

కేబిన్లో కాళ్ల కింద నేల గాజుది.
రెండు బూట్ల మధ్య సముద్రం,
దాని పక్కన ఓడ, ఓడ మీద పెట్టెలు,
పెట్టెల చుట్టూ పసుపు హెల్మెట్లు.
పదమూడు.
అవి లెక్కపెట్టందే లివరు ముట్టుకోలేను.
ఆ పదమూడింట్లో ఒకడికి మొన్న పెళ్లి కుదిరిందట,
క్యాంటీన్లో కోవా పంచాడు.
నేనూ తిన్నాను.
తినకుండా ఉండాల్సింది.

ట్రైనింగులో తొంభై రెండు మార్కులు నాకు.
ఆ తెర మీద గాలి లేదు,
కోవా పంచినవాడు లేడు.

రాత్రి మల్కాపురం గదిలో
నిద్రలో కూడా నా కుడిచెయ్యి లాగుతోందని
చెల్లెలు కుసుమ చెప్పింది.
"దుప్పటంతా నీ వైపే దించేసుకున్నావే,
ఎన్ని టన్నులేటి?"
నవ్వాను. తర్వాత బాత్రూంలో కుళాయి విప్పి
ఆ చప్పుడులో కాసేపు కూర్చున్నాను.
పొద్దున ఉప్మా గొంతు దిగలేదు.
పోర్టు గేటు దగ్గర పాసు వణికితే
సెక్యూరిటీ ఆయన "జొరమా అమ్మా?" అన్నాడు.
అవునన్నాను.
జ్వరమైతే ఎంత బాగుణ్ణు,
దానికో గోళీ ఉంటుంది, మూడు రోజుల లెక్క ఉంటుంది.

సాయంత్రం గాలి నైరుతికి తిరిగింది.
డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఇంకా వెలగలేదు.
ఫిషింగ్ హార్బర్లో బోట్లు
ఒకదాన్నొకటి మోచేతుల్తో పొడుచుకుంటున్నాయి.
నలభై అడుగుల పెట్టె ఎత్తాను.
ఎత్తడం బాగానే ఎత్తాను.
ట్రాలీ ఆపాను. పెట్టె ఆగలేదు.
తాళ్ల చివర ఇరవై ఎనిమిది టన్నులు
వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాయి.
వెనక్కి లాగాను, ఇంకా ఊగింది.
ఇంకా గట్టిగా లాగాను.
కింద పసుపు చుక్కలు చెదిరి పరిగెత్తాయి.
పన్నెండే కనిపించాయి.

పన్నెండే.

వెనక మడత సీట్లో గురువులు గారు,
ముప్పై ఏళ్ల సర్వీసు, బుగ్గలో లవంగం,
గొంతు పెంచలేదు.
"గుంటా, ఎదురు లాగకు.
అదెటు పోతంది? నువ్వూ అటే ఎల్లు.
కొంచెమే. దాని నెత్తి మీదకెల్లి ఆగు.
అదే సల్లబడతాది."

దేన్ని చూసి వణుకుతున్నానో
దాని వైపే వెళ్లమంటాడేమిటీయన!
చెయ్యి మాత్రం నన్నడక్కుండా వెళ్లింది.
అరమీటరు.
తాళ్లు నిటారయ్యాయి.
పెట్టె, ఏమీ ఎరగనట్టు, తన నీడ మీద నిలబడింది.
పదమూడోవాడు ట్రైలర్ చాటు నుంచి వచ్చి
నా వైపు చెయ్యెత్తాడు.
తిట్టాడో, బాగుందన్నాడో
ఇంత పైనుంచి తెలియదు.

"మీకెప్పుడు పోయిందండీ భయం?"
లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మారింది.
"దిగినాక. మెట్ల కాడ వదిలేసి ఇంటికెల్లిపోతాను.
మర్నాడు అక్కడే ఉంటాది,
సెప్పుల్లాగ."

పదిన్నరకి దిగాను, మెట్ల లెక్క మధ్యలో ఎక్కడో పోయింది.
బస్టాపులో బండి దగ్గర ముంత మసాలా
రెండు పొట్లాలు తిన్నాను, నిలబడే.
ఉల్లిపాయ ఘాటుకి కళ్లలో నీళ్లు.
ఉల్లిపాయకే అనుకున్నాను.

అర్ధరాత్రి మళ్లీ మొదలైంది, పక్కటెముకల కింద,
ఇటు నుంచి అటు.
కుళాయి దగ్గరికి లేవలేదు.
ఎటు పోతోందో చూశాను:
రేపటి గాలి. పన్నెండు. కోవా.
కొంచెం అటే జరిగాను.

ఆగిందని చెప్పను.
ఊగు చిన్నదైంది.
కుసుమ నిద్రలో తన సగం దుప్పటి లాక్కుంది.
ఇచ్చేశాను.