డెబ్బై తొమ్మిది గుర్రాలు

నియూపోర్ట్ రేవులో
తనిఖీ అధికారి ఇంజనుకి సీసపు ముద్ర వేసి
కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళాడు.
రెండు వందల ఇరవై ఒక్క కిలోవాట్లు.
ఒడ్డుకి దగ్గరగా వల ఈడ్చే పడవకి
అంతకు మించి ఉండకూడదు.

తాత ఓడిల్ కాగితం తిరగేసి చూశాడు.
"కొన్నప్పుడు మూడు వందల గుర్రాలన్నారు.
తక్కిన డెబ్బై తొమ్మిదీ ఏవి?
మునిగిపోయాయా,
సర్కారు తోలుకుపోయిందా?"

నవ్వుతూ అనలేదు.
రొమ్ములోతు నీళ్ళలో గుర్రమెక్కి
రొయ్యల వల లాగే మనిషి.
ఒక్క గుర్రం పోతేనే
కొట్టం ఎంత పెద్దదైపోతుందో ఎరుగును.

గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ చెప్పాను:
ఒక్కటీ పోలేదు తాతా, కొలపాత్ర మారింది.
కుంచంతో పోసినా మానికతో పోసినా
రాశి అదే కదా.

డెబ్బై అయిదు కిలోల బస్తాని
ఒక్క సెకనులో మీటరు ఎత్తు లేపితే
అదొక గుర్రం.
వాట్లలో ఏడు వందల ముప్పై అయిదున్నర.
దాన్ని మూడు వందలతో హెచ్చవెయ్యి,
వెయ్యితో భాగించు,
రెండు వందల ఇరవై, పైన అరకి కాస్త ఎక్కువ.
ఆ కాస్తనీ పైకి సర్దారు.

"మరి మా నాన్న పడవలో ఇంగ్లీషు ఇంజను?"
ఆ గుర్రం పది వాట్లు ఒళ్ళు చేసింది.
ఏడు వందల నలభై ఆరు.
"అవతలి ఒడ్డున గడ్డి మంచిదిలే"
అని అయిష్టంగా ఒప్పుకున్నాడు.

అయినా మాటతో సరిపెట్టుకునే రకం కాదు.
కొట్టంలో దూలానికి కప్పీ బిగించాడు.
తడి ఇసుక బస్తాకెత్తి, తూకం వేసి,
గుప్పెడు తీసి, మళ్ళీ వేసి
డెబ్బై అయిదు చేశాడు.
మోకు ట్రీన్చె మెడపట్టెకి తగిలించాడు.
గడియారం నా చేతిలో.

నాలుక టక్కుమనిపించాడంతే.
సెకను ముల్లు ఒక్క గీత దాటేలోగా
బస్తా మూడు మీటర్లు లేచింది.
మూడు గుర్రాలే నువ్వు, అన్నాను దాంతో.
పొద్దంతా లాగమంటే ఒక్కటే,
అదీ బతిమాలితే.

రెండోసారి
సగం ఎత్తులో ఆగిపోయింది.
గుమ్మం పక్క పచ్చిగడ్డి కనిపించింది కాబోలు,
మెడ చాచి నములుతూ నిలబడింది.
మోకు బిర్రుగా ఉంది,
బస్తా గాలిలో ఉంది.

"ఇప్పుడెంత?"
సున్నా తాతా.
కదలిక లేకపోతే సున్నా.
ఊరికే మోస్తూ ఉండటం
లెక్కలోకి రాదు.

ట్రీన్చె తొడమీద కండ సన్నగా అదురుతోంది.
ఆయన దానివైపే చూశాడు.
మామ్మ గోడెలీవ్ చివరి చలికాలం
దగ్గు తెరలు ఆగేదాకా
వీపు ఆనించి రాత్రిళ్ళు కూర్చున్నవాడు.

"సున్నా" అన్నాడు,
నాతో కాదు.

బస్తా మెల్లగా దించి మోకు విప్పాడు.
దాణా తొట్టెలో పోస్తూనే ఉన్నాడు.
ఏ కొలతో
నేనడగలేదు.