ఒకే ఒక్క ప్రసంగం

నరసాపురం లాకు బంగ్లా బీరువాలో
ఆముదం డబ్బా వెనకాల దొరికాడు నాకు
ఆంబ్రోస్ థర్‌స్టన్.
అట్ట సగం చెదలు తిన్నాయి. పుట్టిన ఏడు లేదు.
మొదటి పేజీలోనే లాటిను, పాత దానపత్రాల పిచ్చి,
అత్తవారిచ్చిన బాతుల చెరువు.

ఏ ఇంజనీరు దొర వదిలేసి పోయాడో.
లస్కరు కొడుకుని నేను, వర్కు ఇన్‌స్పెక్టరుగా దిగిపోయినవాణ్ణి.
ఇంగ్లీషు చదవడం గేటు ఎత్తడంలాంటిదే నాకు,
పన్ను పన్నుకీ ఆగాలి.

అతని ఊరూ మన వైపులాంటిదే.
సముద్రం కన్నా జానెడు కిందున్న నేల,
జమ్ము, జలగలు, చలిజ్వరం,
గట్టు తెగితే ఎవరి చేను ఎవరిదో తెలియదు.
ఆ చిత్తడిలో దోనె వేసుకు తిరిగి
ప్రతి పాత గట్టుకీ పేరేమిటని
ముసలాళ్ళనడిగి రాసుకునేవాడట:
గొర్రెల గట్టు. విధవరాలి గండి. పిల్లాడు పోయిన మలుపు.

అప్పుడు రాజుకీ సభకీ చెడింది.
సభలో కూర్చున్నవాడే లేచి రాజు వైపు వెళ్ళిపోయాడు.
ఎందుకో తెలియదు, సరిగ్గా అక్కడే చెదలు దారి వేసుకున్నాయి.
మిగిలిన ముక్క, నా తెలుగులో:
"తిన్న ఉప్పు కోసం కాదు, ఆడిన మాట కోసం."

కత్తి దూసినట్టు ఎక్కడా లేదు.
గుర్రాలకి గడ్డి లెక్కలు చూశాడు.
ఓడిపోయాక, ఎవరి ఆస్తి జాబితా వాళ్ళే రాసిచ్చి
జరిమానా కట్టి విడిపించుకోవాలన్నారు. రాశాడు:
ఇల్లు ఒకటి. నాగళ్ళు మూడు. బాతులు, లెక్కపెట్టలేదు.
తూర్పు తీరపు బట్ట చొక్కాలు, ఆరు.

ఇక్కడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
మాధవాయపాలెంలో మగ్గాలుండేవి ఒకప్పుడు,
ఓడలుండేవి. ఇప్పుడవన్నీ గోదారి కింద.
ఆ ఆరింటిలో ఒక్కటైనా మా వాళ్ళ పడుగూ పేకా కాకపోతుందా?
కాకపోవచ్చు. బందరు నేత కావచ్చు.
అయినా ఆ రాత్రి నించీ అతను నాకు చుట్టం.

మాఘమాసపు చలిలో రాజు తల తీశారు.
కబురందేసరికి ఇతను గొలుసు పట్టి గట్టు కొలుస్తున్నాడు.
కొలత ఆపలేదు.
ఆనాటి లెక్కలో ఒక అంకె తప్పు పడింది.
తర్వాతెప్పుడూ దిద్దలేదు.

పదకొండేళ్ళకి కొత్త రాజొచ్చాడు.
గంటలు మోగాయి, సారా పీపాలు తెరుచుకున్నాయి,
జరిమానా వసూలు చేసినవాళ్ళే
ముందు వరసలో నిలబడి దణ్ణాలు పెట్టారు.
ఇతని అర్జీ మీద ఎవరో గుమాస్తా రాశాడు: "చూద్దాం."
ఆ మాట మా సబ్‌డివిజన్‌లోనూ చెల్లుతుంది.

మళ్ళీ నెగ్గి సభకి వెళ్ళాడు. వెనక బల్ల.
పద్నాలుగేళ్ళలో నోరు విప్పింది ఒక్కసారి.
రాజు గురించి కాదు, తన జరిమానా గురించీ కాదు.
మురుగు పోయే దారి పూడ్చి చేలు చేస్తున్నారు,
నీళ్ళకి మన పక్షాలు తెలియవు, పల్లమే తెలుసు, అన్నాడట.
నీరు పల్లమెరుగు అని మా అమ్మ అనే మాటే!
సభ నవ్వింది.
దీపాల వేళయింది, ఎవరిళ్ళకి వాళ్ళు పోయారు.

మా లాకులో ఆఖరి పడవ దాటి ముప్పయ్యేళ్ళు.
జీతం ఆగినా, శనివారం శనివారం వెళ్ళి
గేటు పళ్ళకి ఆముదం రాసొస్తాను.
"ఎవరొస్తారని?" అంటుంది మా సుభాషిణి.
నా దగ్గర జవాబు లేదు.
అతని దగ్గర ఉందేమోనని వెతికాను,
చివరి పేజీలు లేవు. ఎలా పోయాడో, వరదొచ్చిన ఏడో, కరువు ఏడో.

నిన్న పాత లాకు రిజిస్టరు దులిపాను,
సగానికి పైగా తెల్ల కాగితమే.
పడవ పేరు అన్న గడిలో రాయడం మొదలెట్టాను:
కుంటి అచ్చియ్య గండి. ఉప్పుటేరు పాత మొగ.
మూగామె ఎదురుచూసిన రేవు.
సరుకు అన్న గడిలో:
ఏమీ లేదు.