తూకానికి రాని మంట

మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లు కాటా రాశాను.
మంట అంటే తెలుసనుకున్నాను.
ఫిబ్రవరిలో టిక్కీలు దిగుతుంటే
కొత్తవాళ్లు తుమ్మి తుమ్మి ఏడుస్తారు,
నేను ముక్కు కూడా తుడుచుకోను.

కొత్తపేట ల్యాబులో సూది గుచ్చి
సాయంత్రానికి కాగితం చేతిలో పెట్టారు.
సీఆర్‌పీ: ఆరు పాయింటు ఎనిమిది.
డాక్టర్ నిరుపమ కళ్లద్దాలు పైకి తోసి
"లోపల మంట ఉందండీ" అన్నారు.
"నాకే నొప్పీ లేదమ్మా."
"ఇది అరిచే మంట కాదు. ఊకలో నిప్పు."

ఆటోలో పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.
ఇన్నాళ్లూ దీన్ని
బ్రాడీపేట నేతి పెసరట్ల నిల్వ అనుకున్నాను.
నిల్వ సరుకు ఊరికే ఉండదని
కోల్డ్ స్టోరేజీల ఊరివాణ్ణి, నాకు తెలియొద్దూ!
తేమ పట్టిన బస్తా నడుమ చెయ్యి దూరిస్తే
వెచ్చగా తగులుతుందే,
అలా కొవ్వు కూడా కూర్చున్నచోటే రాజుకుంటుందట,
నెత్తురులోకి రోజంతా ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తుందట,
దొంగ లేని ఇంట్లో కాపలావాళ్లు
లాఠీలు పట్టుకుని తిరుగుతూనే ఉంటారట.

మర్నాడు హమాలీ సైదుల్ని కాటా ఎక్కమన్నాను.
"ఏం గుమస్తా గారూ, నన్నూ అమ్మేస్తారా?"
ఎనభై ఆరు.
వాడు దిగాక నేనెక్కాను.
ఎనభై ఆరు.
వాడి ఎనభై ఆరు
టిక్కీని వీపున వేసుకుని లారీ పలక ఎక్కుతుంది.
నా ఎనభై ఆరు
స్టూలు మీంచి లేవడానికి బల్ల పట్టుకుంటుంది.
నా డబ్బుతోనే వాడికీ పరీక్ష చేయించాను:
సున్నా పాయింటు తొమ్మిది.
మెడ నరం సంగతి మాత్రం కాగితంలో లేదు,
టీ తాగుతూ వాడే చెప్పాడు.

అప్పట్నుంచి తెల్లారకముందే
పరేడ్ గ్రౌండు చుట్టూ నడక.
మొదటి వారం ఒక్క చుట్టుకే రొప్పు.
"మెల్లగా నడవండి, పొట్టేం పారిపోదు" అంది హైమావతి.
నిజమే, పారిపోలేదు.
నాలుగు నెలలకి తగ్గింది కిలోన్నర.

సిగ్గుపడుతూ కొత్త కాగితం చాపాను.
మూడు పాయింటు ఒకటి.
"బరువు దిగకుండానే మంట దిగుతుందా అమ్మా?"
"కదిలే కండ కూడా కబురు పంపుతుందండీ,
చల్లబడమని."

బతుకంతా కాటా రాసినవాణ్ణి,
కాటా మాట నమ్మకుండా ఇంటికి రావడం
కొత్తగా ఉంది.
వంటింట్లో మిరపకాయ బజ్జీల చప్పుడు.
ఒకటే తిన్నాను. సరే, రెండు.
నాలుక భగ్గుమంది.
ఈ మంట ఎక్కడుందో తెలుస్తోంది,
హాయిగా ఉంది.