ఇంజన్ చెకింగ్, పది నిమిషాలు

వేల్స్ కొండల మీద, పలకరాయి గని మూతబడ్డ ఊరి చివర
నా బస్సు తిరిగే చోటుంది.
ఆ పైన రోడ్డు లేదు. గొర్రెలు, వాన, అంతే.
రాత్రి పదకొండుకి పది తక్కువకి నాది ఆఖరి ట్రిప్పు.
దిగేవాళ్లు ఉంటే ఇద్దరు,
లేకపోతే నేనూ నా వైపర్లూ.

అక్టోబర్లో ఒక రాత్రి షెల్టరు బల్ల మీద
టార్పాలిన్ కదిలింది.
ముందు పిల్లి తల, తర్వాత కోడి తల,
చాలాసేపటికి మనిషి తల.
పేరడిగితే నెస్తా అంది.
కుక్క పేరు తరాన్, మా భాషలో ఉరుము.
ఉరిమినా వినపడదు దానికి, ముసలి చెవుడు.
పిల్లి పేరు కెన్నిన్, అంటే ఉల్లికాడ.
కోడికి పేరు లేదు.
"పేరు పెడితే గుడ్డు తినబుద్ధి కాదు" అంది.

ఊళ్లో నలుగురూ నాలుగు మాటలన్నారు.
"ఈ చలికి ఆ మూగజీవాలేం పాపం చేశాయి" అంది పోస్టాఫీసు ఎలినెడ్.
వాటిని ఒళ్లో దాచుకున్న మనిషి గురించి ఏమీ అనలేదు.
చర్చివాళ్లు ఒక ఫారం తెచ్చారు,
మొదటి గడిలోనే చిరునామా.
ప్రిథెర్క్ గారైతే కౌన్సిలుకు రెండు ఉత్తరాలు రాశాడు.
మూడోది పోస్టు చేసిన సాయంత్రం
కోటులోంచి వేడినీళ్ల రబ్బరు సంచి తీసి బల్ల మీద పెట్టి
అటూ ఇటూ చూసి గబగబా వెళ్లిపోయాడు.
నేను చూశాను. ఆయనకు చెప్పకండి.

నేను చేసింది ఏమంత కాదు.
తలుపులు తెరిచి, హీటరు చివరిదాకా తిప్పి
ఎక్కండి అన్నాను.
మనిషికి ఒక్క జంతువే అని కంపెనీ రూలు.
కదలని బస్సుకు రూలేమిటి?
లాగ్ పుస్తకంలో రాశాను: ఇంజన్ చెకింగ్, పది నిమిషాలు.
నవంబరంతా, డిసెంబరంతా
నా ఇంజనుకు రోజూ ఏదో జబ్బు.

ఊరికే కూర్చోవడం ఆమెకు గిట్టదు.
టికెట్ కొట్టమంది.
ఎక్కడికి?
ఇక్కడికే.
ఇక్కణ్ణుంచి ఇక్కడికి మెషిన్లో టికెట్ లేదు.
చిల్లర డబ్బాలో గుడ్డొకటి పెట్టింది,
ఇంకా వెచ్చగా ఉంది.
ఎన్ని ఊళ్లు నడిచావని అడిగితే
కుక్క అరికాళ్లు తిప్పి చూపించింది.

జనవరిలో, మంచు మోకాలిదాకా పడ్డ రాత్రి,
"మా ఇంట్లో వెనక గది ఖాళీ" అన్నాను.
నిజంగానే అన్నాను.
"కుక్కకి కూడానా?" అంది.
కార్పెట్ గుర్తొచ్చింది.
మీగడ రంగుది, రెండేళ్లు వాయిదాలు కట్టి కొన్నది.
"ఆఁ, కుక్కకి కూడా" అన్నాను.
మధ్యలో అర క్షణం పట్టింది.

చెవిటి కుక్కతో బతికే మనిషివి పాముచెవులు.
ఆ అర క్షణం వినేసింది.
కోపం రాలేదు. నా మోచేతి మీద తట్టి
"పోనీలే ఇద్వాల్, బస్సు బాగానే వెచ్చగా ఉంది" అంది,
జారిపడ్డ పిల్లాణ్ణి
ఏం కాలేదని లేపినట్టు.
అన్నాళ్లూ దయంతా నా వైపు నుంచే పోతోందనుకున్నాను.

మార్చిలో ఒక రాత్రి బల్ల ఖాళీ.
శుభ్రంగా తుడిచి ఉంది. మేకుకు రబ్బరు సంచి,
నీళ్లు వంపేసి, మడతపెట్టి.
పలకరాళ్ల సందున ఒక ఈక.
వెళ్తున్నట్టు చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని.

కార్పెట్ చుట్టి అటకెక్కించాను.
కింద పాత పలకరాతి నేల బయటపడింది,
చల్లగా, బూడిదరంగులో. కుక్కలు పడుకునేలా.

ఇప్పటికీ ఆ చివర తలుపులు తెరుస్తాను.
నిన్న ఓ కుర్రాడు, దారి తప్పి చివరిదాకా వచ్చినవాడు,
"ఏంటి ఆపేశారు?" అన్నాడు.
ఇంజన్ అన్నాను.
వాన లోపలికి కొడుతోంది.
కాసేపు కొట్టనిచ్చాను.